ఇంటిపేరు, ఊరిపేరు, చిట్టాపేరు

మనుష్యుని పేరునకు ముందో వెనుకనో నిలిచి వాని వంశమును తెలుపు నామము ఎప్పుడు పుట్టినది, ఎట్లు స్థిరపడినది, దానినిబట్టి వాని పూర్వుల చరిత్రను ఎంతదూరము ఊహింపవచ్చును అను ప్రశ్న ఇంగ్లండు దేశపు పండితులను నాలుగువందల యేండ్లుగా ఆకర్షించుచున్నది. 1605లో విలియం కామ్డెను తన గ్రంథమున ఒక ప్రకరణమును దీనికే కేటాయించెను. పందొమ్మిదవ శతాబ్దమున లోయర్, బార్డ్‌స్లీ అనువారు విడిగా గ్రంథములే రచించిరి. 1958లో రీనీ ప్రకటించిన నిఘంటువు నేటికిని జిజ్ఞాసువులకు ఆధారమైయున్నది. నార్మనుల విజయమునకు (1066) పిమ్మట ప్రభువంశములయందు మొదలై, క్రమముగా సామాన్యులలోనికి దిగి, రమారమి 1400 నాటికి తండ్రినుండి కొడుకునకు సంక్రమించు ఆచారముగా ఇది ఆ దేశమున నిలదొక్కుకొనెననియు, ఆ నామములు ఊరినుండియో, వృత్తినుండియో, తండ్రి పేరునుండియో, దేహలక్షణమునుండియో పుట్టినవనియు వారు తేల్చిరి. స్మిత్ అనువాని పూర్వుడు కమ్మరి. జాన్సన్ అనువాని పూర్వుడు జాను కొడుకు. మన నిఘంటుకారుడైన బ్రౌనుదొర వంశమునకు మూలపురుషుడెవడో గోధుమవన్నె జుట్టు గలవాడై యుండును.

మనలో ఈ చర్చ గ్రంథములయందుకంటె పెండ్లిమాటల అరుగులమీదనే హెచ్చుగా సాగినది. అందుచేత దానికి లోకజ్ఞానము మెండు, క్రమము తక్కువ. తెలుగుదేశమంతటి ఇంటిపేర్లను ఒక వ్యాసమున ఇముడ్చుట అసాధ్యము గనుక, నేను అనంతపుర మండలమును, అనగా 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడుటకు పూర్వమున్న సమగ్ర మండలమును, ఉదాహరణముగా గైకొనుచున్నాను. ఏటికి అయిదువందల యేబది మిల్లీమీటర్లు కురియుటయే గగనమైన ఈ మెట్టనేలమీద జనము ఊళ్లు విడుచుటయు, కరవుపనుల పట్టీలలో పేర్లు వ్రాయించుకొనుటయు తరతరముల అనుభవము. ఇంటిపేర్లను పుట్టించినవియు ఈ రెండేయని నా అభిప్రాయము.

ప్రాచీనులలో ఇంటిపేరు లేకపోలేదు. కాకతీయుల సామంతులలో మల్యాలవారు, రేచర్లవారు, గోనవారు శాసనములకెక్కినవారే. తిక్కన కొట్టరువువాడు, పోతన బమ్మెరవాడు. తెనాలి రామకృష్ణుని అసలు ఇంటిపేరు గార్లపాటియని ప్రసిద్ధి. లోకము మాత్రము ఆయనను తెనాలివానిగనే యెరుగును. ఇవి రాజాస్థానములతోను దానశాసనములతోను సంబంధముగల కుటుంబములు. దానమిచ్చునప్పుడు, పుచ్చుకొనునప్పుడు ఎవడు ఏ వంశమువాడో చెప్పవలసివచ్చును గనుక వారికి ఇంటిపేరు అవసరమైనది. కదిరి ప్రాంతమున కటారుపల్లెయందు సమాధియున్నదని జనులు నేటికిని కొలుచు వేమనకు ఇంటిపేరు వెదకి అంటగట్టుటకు కొందరు పడిన శ్రమ నాకు ఎన్నడును రుచింపలేదు. దానమును పుచ్చుకొనని వానికి, ఆస్థానమును తొక్కని వానికి ఆ పేరుతో పనియేమి?

ఊరిపేరే ఇంటిపేరైనవారి సంగతి మన మండలమున మిక్కిలి స్పష్టముగా కనబడును. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (జననము 1893) కంబదూరు చేరువనున్న రాళ్లపల్లెలో పుట్టినవారు. కల్లూరు సుబ్బారావుగారు (1897) హిందూపురము ప్రక్కనున్న కల్లూరువారు. ఒక ఊరిలో నున్నవారినందరిని ఆ ఊరిపేరుతో పిలిచిన ప్రయోజనమేమియు నుండదు. ధర్మవరములో ధర్మవరమువాడని ఎవనిని వేరుపరుపగలము? ఆ పేరు అక్కడినుండి కదలి మరియొక ఊరు చేరినవానికే సార్థకమగును. ధర్మవరమున 1853లో జన్మించిన రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలుగా, నాటకకర్తగా వెలసెను గనుక ధర్మవరము ఆయనకు ముందుమాటయై నిలిచినది. ఆయన మేనల్లుని కథ మరింత రసవంతము. 1880లో తాడిపత్రిలో పుట్టిన ఆ మహానటుడు తాడిపత్రి రాఘవాచార్యులు. బళ్లారిలో పెరిగి, అక్కడనే న్యాయవాదియై, ఆ ఊరినుండి దేశమంతట తిరిగి నాటకములాడుటచేత బళ్లారి రాఘవయైనాడు. బళ్లారిలో నున్నంతకాలము వాడు తాడిపత్రివాడు, బళ్లారి దాటినపిమ్మట బళ్లారివాడు. ఒక్క జన్మలో రెండు ఊళ్లు ఒకే మనుష్యునికి ముందు నిలిచి వంతులు మార్చుకొనినవి.

ఇంకొక జంటను చూడుడు. 'శివతాండవము' రచించిన నారాయణాచార్యులవారు 1914లో అనంతపురము చేరువనున్న చియ్యేటిలో పుట్టిరి. వారిది మొదట తిరుమలవారి వంశము. పూర్వులు కొంతకాలము పుట్టపర్తిలో కాపురముండి వెడలుటచేత పుట్టపర్తివారైరి. ఆ పుట్టపర్తిలోనే 1926లో పుట్టి, అక్కడనే నిలిచి, ఆ ఊరిని లోకప్రసిద్ధము గావించిన సత్యసాయిబాబాగారి ఇంటిపేరు రత్నాకరము. ఊరు విడిచినవారికి ఊరు పేరైనది, విడువనివారికి కాలేదు.

ఈ సూత్రమునకు అపవాదము లేకపోలేదు. తరిమెల నాగిరెడ్డిగారు (1917) తరిమెలయందే భూములుగల కుటుంబమువారు. ఊరు వదలి పోయినవారు కారు. కాని మదరాసులోను కాశిలోను చదువుకొని, శాసనసభలకును లోక్‌సభకును పోయినవానికి, ఊరిలోని బంధువులకు అక్కరలేని ఊరిపేరు బయటివారి నోట అక్కరకువచ్చినది. అదే తరిమెలలో రెండేండ్లముందు పుట్టిన విద్వాన్ విశ్వము తరిమెలవాడు కాలేదు. ఆయన పూర్తిపేరు మీసరగండ విశ్వరూపశాస్త్రి.

ఈ మీసరగండమును దాటిపోవుటకు నాకు మనసొప్పదు. మీసములుగల వీరులకెల్ల మగడు అని డంబముగా చాటు ఈ బిరుదము విజయనగర కాలమున సాళువవంశమువారి బిరుదావళిలో కఠారిసాళువాది బిరుదములతో కూడి వినబడును. కత్తిపట్టు రాజుల బిరుదము వేదము చదువు బ్రాహ్మణుల ఇంటికి ఎట్లు చేరినదో వేరుగా విచారింపదగును. బిరుదము గల రాజునొద్ద కొలువుచేసినవారు దానిని మోసికొనివచ్చిరో, ఆ పేరుగల అగ్రహారమునుండి వచ్చిరో, ఏదైనను కావచ్చును. రక్తసంబంధమును మాత్రము ఇది చెప్పదు. మీసరగండవారు సాళువ రాజుల సంతతియని దీనినిబట్టి తీర్మానించువాడు చరిత్రకారుడు కాడు, వంశస్తోత్రపాఠకుడు. మన ఊళ్లలో ఆ వృత్తికి భట్రాజులుండిరి. వారి పనిని మనము లాగికొననేల?

నాయకుల ఇంటిపేర్లు మాత్రము వేరొక దారిని పట్టినవి. గండికోటనేలిన పెమ్మసానివారు తాడిపత్రిలో బుగ్గరామలింగేశ్వరుని గుడియు, చింతల వేంకటరమణుని గుడియు కట్టించినవారు. వారి సంస్థానము చెదరినపిదప ఆ ఇంటిపేరు దక్షిణమునకు నడచి, తమిళదేశమున తిరునెల్వేలి వైపు కురివికులము మొదలగు జమీందారీలలో మరల తల యెత్తినది. నాలుగువందల మైళ్లు నడచినను అది మారలేదు. భూమియు అధికారమునుగల ఇంటికి పేరు పెట్టుబడివంటిది గనుక దానిని ఎవడును జారవిడువడు. అనంతపురమునేలిన హండేవారికి సయితము వంశనామమే అధికారపత్రము. కూలివానికి ఈ చింత లేదు. వానిది మారుచునే యుండును.

ఇక చెట్లు, జంతువులు, ధాన్యములు ఇంటిపేర్లైన వర్గము. ఆవుల, మేకల, గుఱ్ఱము, పులి, చింత, గోరంట్ల, నూవుల, మిడతల మొదలగువానిని 1909లో ఎడ్గారు థర్‌స్టన్ తన ఏడు సంపుటముల గ్రంథమున కులముకులమునకు పేర్కొని, వీనియందు ఆదిమజాతుల చిహ్నారాధనపు జాడలున్నవని సూచించెను. కొన్ని ఇండ్లవారు తమ పేరుగల చెట్టును నరుకకుండుటయు, ఆ కాయను తినకుండుటయు ఆయన గమనించెను. అట్టి ఆచారము ఉన్నచోట ఆయన ఊహకు బలమున్నది. అయితే అన్నిచోట్ల అదే మూలమనుట సాహసము. చింతచెట్టు ప్రక్క ఇల్లు గలవాడు చింతవాడగును; మేకలు మేపినవాడు మేకలవాడగును; గోరంట్ల మన మండలముననే యొక ఊరు. ఇంగ్లీషువారిలో ఫాక్స్ అనగా నక్క, వుల్ఫ్ అనగా తోడేలు. వారి పండితులెవ్వరును ఆ ఇండ్లవారు నక్కను పూజించిరని వ్రాయలేదు, నేర్పరియనియో క్రూరుడనియో ఊరివారు పెట్టిన ఎగతాళి పేరని సరిపుచ్చిరి. తమకు ఎగతాళియైనది ఇతరులకు మతమెట్లయినదో దొరలు చెప్పలేదు.

పేరు పుట్టుచుండగా చూడవలెనన్న మెట్టపల్లెకు పోయి ఒక్క దినము రచ్చకట్టమీద కూర్చున్న చాలును. ఇక్కడి స్వనామములు అధికముగా చుట్టుప్రక్కల దేవుళ్లవి: కదిరి నరసింహుని పేర కదిరప్ప, అహోబిలేశుని పేర ఓబులేసు, కసాపురపు నెట్టికంటి ఆంజనేయుని పేర ఆంజనేయులు, రామాంజనేయులు. ఒక్క ఊరిలో అయిదుగురు కదిరప్పలుందురు. అందొకడు చెరువుకట్ట కదిరప్ప, ఒకడు పొట్టికదిరప్ప, సైన్యమున పనిచేసివచ్చినవాడు మిలిట్రీ కదిరప్ప, చౌకదుకాణము నడుపువాడు డీలరు కదిరప్ప, కర్ణాటకమునుండి పొలములు కొని వచ్చినవాడు పావగడ కదిరప్ప. మిలిట్రీ కదిరప్ప కొడుకు సైన్యమును కంటజూచి యుండడు, అయినను వాడు మిలిట్రీ రామాంజి. ఇంగ్లండులో ఆరేడువందల యేండ్లక్రిందట జరిగినది ఇదియే; అక్కడి నాలుగు వర్గములలో తండ్రిపేరుది దక్క తక్కిన మూడును ఈ అయిదుగురు కదిరప్పలలో సులభముగా ఇముడును. భేదమొక్కటే: అక్కడ ఆ పేరును ఎవరో పుస్తకమున వ్రాసికొనిరి.

ఎనిమిదవ హెన్రీ మంత్రియగు థామస్ క్రాంవెల్లు 1538లో ప్రతి చర్చియందును బారసాల, పెండ్లి, చావులను నమోదు చేయవలెనని ఆజ్ఞాపించెను. అంతకుముందు 1377 మొదలుగా తలపన్ను పట్టీలును ఉండినవి. నోటిలో నానుచు మారుచుండిన పేర్లకు ఈ పుస్తకములు కళ్లెము వేసినవి. మన మండలమునకు అట్టి పుస్తకమును తెచ్చినవాడు థామస్ మన్రో. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేయగా, మన్రో ఏడేండ్లు ప్రధాన కలెక్టరుగా నుండి, పాళెగాండ్రను అణచి, పొలముపొలమును కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. జమీందారీలలో దొరకు ఒక్క జమీందారు పేరు తెలిసిన చాలును. రైతువారీలో ప్రతి సేద్యగాని పేరును చిట్టాకెక్కవలెను. అయిదుగురు కదిరప్పలను వేరుచేయవలసిన భారము కరణముపై పడినది.

కరణము ఏమి చేసెను? తండ్రిపేరు వ్రాసెను, సరిహద్దునకు ఆవల కన్నడపు పహణీలలో నేటికిని తండ్రికొడుకుల నడుమ 'బిన్' అను మాట కనబడుచునే యున్నది. పెద్దయిండ్ల వారికి వారు చెప్పిన ఇంటిపేరునే వ్రాసెను. మిగిలినవారికి కులమే వ్రాసెను. మన మండలమున ఓటర్ల జాబితా విప్పినను, పట్టాదారు పాసుపుస్తకము విప్పినను బోయ, కురుబ, వడ్డె, చాకలి, ఈడిగ, తలారి అనునవి పేరునకు ముందు ఇంటిపేరు స్థానమున బారులు తీరి నిలుచుటకు కారణమిది. వీరికి ఇంటిపేర్లు లేకపోలేదు. కురుబవారికి బెడగులను వంశశాఖలున్నవి, సంబంధము కలుపునప్పుడు మొదట అడుగునది ఆ బెడగే, ఒకే బెడగైనచో అన్నదమ్ములని మాట అక్కడితో ఆగిపోవును. అవి వ్రాయువానికి పట్టలేదు. ఇరువదవ శతాబ్దమున హరిజనయను మాట వచ్చినపిమ్మట అదియు అట్లే పలువురకు ఇంటిపేరై, బడిరిజిస్టరునుండి పట్టాకు, పట్టానుండి కొడుకు ఉద్యోగపు దరఖాస్తునకు సాగినది. మన్నించుటకై పుట్టిన మాటను ముద్రగా మార్చిన ఈ పుణ్యము చట్టముది గాని మతముది గాని కాదు, కేవలము గుమాస్తా సోమరితనముది. మన సీమ ఇంటిపేర్ల చరిత్రలో ఇంతకంటె నన్ను నొప్పించిన విషయము వేరొకటి లేదు.

1876-78 నాటి మహాక్షామమున కరవుపనుల కూలివారిని లెక్కపెట్టిన పట్టీలును, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలమందలి బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహనసింగుగారు ప్రారంభించిన గ్రామీణ ఉపాధిపథకపు జాబ్‌కార్డులును ఈ చిట్టా పరంపరకు చెందినవే. జాబ్‌కార్డు ఇంటికొకటి, దానిలో ఇంటి యజమాని పేరు, పనికిపోవు వారందరి పేర్లు వరుసగా నుండును. ఆ వరుసలో అత్తగారిపేరునకు ముందున్న మాటయు కోడలిపేరునకు ముందున్న మాటయు ఒకటి కాకపోవుటయు కలదు. కోడలు పుట్టింటి రేషనుకార్డులోని పేరును వెంట తెచ్చుకొనియుండును. మస్టరు వ్రాయువాడు దిద్దినచో బ్యాంకు పుస్తకముతో పొసగదు, దిద్దనిచో ఆధారుతో పొసగదు, కూలి నిలిచిపోవును. ఇంటిపేరు పండితుల వినోదమని తలచువారు ఆమె బ్యాంకు కిటికీయొద్ద నిలిచియుండగా చూడవలెను.

మన్రోను మరల తలపక తప్పదు. ఆయన ఇంటిపేరు స్కాట్లండుది. ఐర్లండులోని రో నదీతీరమునుండి వచ్చినవారని ఆ వంశమువారి ఐతిహ్యము. అనగా అదియు ఊరు విడిచినవారికి అంటిన పేరే. 1827లో పత్తికొండయొద్ద వాంతిభేదితో మరణించి, గుత్తిలో ఖననమై, పిదప మదరాసు కోటలోని చర్చికి తరలింపబడిన ఈ దొరను సీమ రైతులు మరువక, తమ బిడ్డలకు మన్రోలప్పయనియు, మన్రోలమ్మయనియు పేర్లు పెట్టుకొనిరి. అప్పయు అమ్మయు చేర్చి, దొరవంశపు కులనామమును బిడ్డ స్వనామముగా మార్చివేసిరి. వారికి ఇంటిపేరు, పెట్టినపేరు అను వివక్ష ఏల? మేలుచేసినవాని పేరేదో అదియే పేరు. దాదాపు ఒకటిన్నర శతాబ్దము గడచినపిమ్మట, 1969లో, బార్సిలోనా నగరపు విన్సెంటు ఫెర్రరు ఈ కరవుసీమకు వచ్చి, 2009లో ఇక్కడనే కన్నుమూసెను. కాటలాను భాషలో ఫెర్రరనగా కమ్మరి. స్మిత్తులకు దాయాది నామము. జనులు ఆయనను ఫాదరు ఫెర్రరనిరి, ఆ ఇంటిపేరే ఆయనకు మిగిలినది.

సముద్రము దాటిన తెలుగువారి పేర్లకు పట్టిన గతి ఇంకొక విధము. 1860 మొదలు 1911 వరకు నటాలుకు చెరకుతోటల ఒప్పందముపై పోయిన కూలీల పట్టీలలో ఇంటిపేరు చేరక, నాయుడు, రెడ్డి అను గౌరవవాచకములు వంశనామములై నిలిచినవి. నేడు దక్షిణాఫ్రికాలో నైడూయనునది వేలకొలది కుటుంబముల ఇంటిపేరు. మారిషసులో పూర్వుని స్వనామమే, అప్పడు మొదలగునది, సంతతికెల్ల ఇంటిపేరైనది. ఓడయెక్కునప్పుడు గుమాస్తా అడిగినదానికి తాత చెప్పిన జవాబు మనుమలకు వంశనామమైనదన్నమాట. మన మండలమునుండి వెడలిన ఒక ప్రసిద్ధ కుటుంబము ఇందుకు ఇటీవలి దృష్టాంతము. ఎల్లనూరు వైపునున్న బుక్కాపురమునుండి వచ్చి, భారతపాలనా సర్వీసులో ఖ్యాతిగాంచిన బి.ఎన్. యుగంధరుగారి పేరునందలి మొదటి అక్షరము ఊరు బుక్కాపురము, రెండవది ఇంటిపేరు నాదెళ్ల. 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతియైన ఆయన కుమారుడు సత్య నాదెళ్ల. ఒక్క తరములో ఊరు రాలిపోయినది, ఇంటిపేరు ముందునుండి వెనుకకు నడచినది.

ఇంటిపేరు రక్తమును తెలుపునా అను ప్రశ్నకు ఇటీవల విజ్ఞానశాస్త్రమును సాక్ష్యమిచ్చినది. 2000లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు బ్రయన్ సైక్స్, తన ఇంటిపేరే గల ఇంగ్లీషు పురుషులను కొందరిని పరీక్షించి, వారిలో సగమునకు కొంచెము తక్కువమందిలో తండ్రినుండి కొడుకునకు వచ్చు వై-క్రోమోజోము ఒకటేయని కనుగొని, ఆ పేరునకు మూలపురుషుడొక్కడేయని వాదించెను. మన సీమలో అట్టి పరీక్ష జరిగినచో బెడగులయందు ఫలము కనబడవచ్చును. ఒకే బెడగువారు ఇచ్చిపుచ్చుకొనరాదను నియమము అచట కట్టుదిట్టముగా నడచినది. ఊరిపేర్లయందు కనబడదు. ఒక ఊరు విడిచి నాలుగు దిక్కులకు పోయిన నాలుగు కులములవారికి ఒకే ఇంటిపేరుండుట మనము నిత్యము చూచుచున్న సంగతియే; ఇంటిపేరు కలిసినదని చుట్టరికము కలుపుకొనువారిని పెద్దలు మందలించుటయు అందుచేతనే. కులమే ఇంటిపేరైన బోయ, వడ్డె వంటివానియందు ఇక చెప్పనక్కరలేదు.

చేయవలసిన పని యేమనగా, మెకంజీ దొర సేకరింపజేసిన గ్రామచరిత్రలగు కైఫీయతులను, ఇనాముల విచారణ నాటి రిజిస్టర్లను, నేటి జాబ్‌కార్డులను ఒకే ఊరికి సంబంధించినంతవరకు ప్రక్కప్రక్కన పెట్టి చదువుట. తరిమెల, రాళ్లపల్లె వంటి ఒకటి రెండు ఊళ్లకైనను ఈ పని జరిగినచో, ఊహలు తగ్గి, ఏ పేరు ఏ తరమున ఎవని కలమునుండి పుట్టినదో తేలును. ఆలస్యమును పనికిరాదు. కదిరి ప్రాంతపు స్త్రీలు ఇంటిపనులకై కువైటునకు పోవుటకు పాసుపోర్టు కోరునపుడు, ఇంటిపేరు గడిని పూరింపుమని ఆ కాగితము అడుగును. పుట్టింట ఆమెను కులముపేరుతో బడిలో వ్రాసిరి. మెట్టినింట ఊరిపేరుతో పిలుతురు. ఓటరుపట్టీలో మగనిపేరు జోడించిరి. దరఖాస్తు నింపు దుకాణమువాడు ఆధారులో నేమున్నదో దానినే కొట్టి, ముద్రించి చేతికిచ్చును.